మోటారు వేషం నాది, దెబ్బ ప్లీడరు గారిది

మా ప్లీడరు కామేశ్వర్రావు గారి కాలు ఎలా విరిగిందో మీరంతా తలో కథా చెప్పుకుంటున్నారట కదా! అరటితొక్క మీద జారారని ఒకరు, ఎద్దు పొడిచిందని ఒకరు. మొన్న చర్చి గుమ్మంలో ఒక పెద్దాయనైతే నా చెవిలో "ఏదో గాలి సోకిందటరా సామ్యేలూ" అన్నాడు. అవేవీ కాదండి. ఆ కాలు విరగ్గొట్టింది నేను. నా తరఫున నిలబడవలసిన ప్లీడరు కాలు, సరిగ్గా నా వాంగ్మూలం ముందర, నేనే, ఈ చేతులతోనే... కాదు, చేతులతో అనకూడదు. అక్కడికి వస్తాను. ముందు ఈ అరుగు మీద సర్దుకుని కూర్చోండి. మార్తమ్మ కాఫీ పెడుతోంది.

నేను దర్జీనని మీకు తెలుసు. వేసవిలో ఓ పొద్దుట పెళ్ళివారి రవికలూ చొక్కాలూ మూటగట్టుకుని గొలుగొండ రోడ్డు మీద నడుచుకుంటూ వెళుతున్నాను. కల్వర్టు దగ్గర మలుపుంది చూశారూ, అక్కడ వెనకనుంచి హారను వినపడింది. కలప కంట్రాక్టరు సన్యాసినాయుడు గారి మోటారు. హారను వినపడలేదని నేను ఏనాడూ అనలేదు. వినపడింది. ఎటు తప్పుకోవాలో మాత్రం తెలియలేదు. ఎడ్లబండి అయితే ఎడ్లే మనల్ని చూసి పక్కకి వెళతాయి. మోటారుకి కళ్ళు పెద్దవే గానీ చూపు లేదు. నేను ఎడమకి గెంతాను. అదీ ఎడమకే వచ్చింది. మడ్ గార్డు తగిలింది. కల్వర్టు రాయి మీద పడ్డాను. నా బరువంతా కుడి మణికట్టు మీద పడింది.

మిషనాసుపత్రి డాక్టరు గారు ఎముక సరిచేసి కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది. వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. చెయ్యి చాపితే చాపుకుంటుంది, ఎత్తితే లేస్తుంది. ఏదైనా పట్టుకోమంటే పట్టుకోదు. దర్జీవాడికి కత్తెర పట్టని చెయ్యి ఎందుకండీ? మార్తమ్మ మిషను ఎక్కింది. సుద్దగీతలు నావి, అవీ ఎడం చేత్తో. కత్తిరింపూ కుట్టూ తనవి. అలా నడుస్తోంది దుకాణం.

నాయుడు గారు ఆస్పత్రికి నన్ను చూడ్డానికి వచ్చారు. రాలేదనకూడదు. కొయ్యూరు నుంచి తెప్పించిన పనసకాయ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్ళారు. ఒంటి చేత్తో పనసకాయ ఎలా తింటారో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వార్డులో అందరూ తిన్నారు. నాకు గింజలు మిగిలాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత ఆయన బజార్లో ఒక మాట అన్నారు. "నా మోటారు ఆడికి తగల్నేదు. ఆడే కంగారుపడి రాయి మీద పడిపోనాడు. ఇప్పుడు సెయ్యి పడిపోనట్టు నాటకమాడతన్నాడు."

ఆ మాట మా మార్తమ్మ చెవిన పడింది. మిషను ఆపేసింది.

"నాటకమంటాడేటి? పొద్దుట్నుంచి ఈ మిషను తొక్కి నా కాళ్ళు పీకేస్తుంటే నాటకమంటాడేటి! ఎల్లు, ఆ ప్లీడరు గారి కాడికి బేగి ఎల్లు. ఆ మాట ఎనక్కి తీసుకునే దాకా నాను ఊరుకోను."

కామేశ్వర్రావు గారు చిన్నవారు. మన ఊరు వచ్చి ఎంతో కాలం కాలేదు. అప్పటిదాకా ఆయనకి వచ్చిన కేసులన్నీ గట్టు తగాదాలూ, మేకలు చేలో పడిన తగాదాలూను. మోటారు అనేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మోటారా? సొంత మోటారా? గుద్దిందా? భేష్!" అన్నారు. నా చెయ్యి చూసి కాస్త తగ్గి, "అంటే, పాపం" అన్నారు. దావా వేశారు.

కోర్టేమో దూరం. సాక్షులంతా ఇక్కడివాళ్ళు. అందుకని కోర్టువారు ఒక కమిషనరు గార్ని మన ఊరికే పంపిస్తారట. ఆయన బంగళాలో కూర్చుని నా చేత ప్రమాణం చేయిస్తారు. రెండు వైపుల ప్లీడర్లూ ప్రశ్నలు వేస్తారు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. ఆ రాసిన కాగితమే కోర్టుకి వెళుతుంది. అవతలివైపు నాయుడు గారు విశాఖపట్నం నుంచి పెద్ద ప్లీడర్ని తెప్పిస్తున్నారని తెలిసింది. మా ప్లీడరు గారు ఆ సంగతి విన్న రోజు నుంచీ నన్ను తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

"సామ్యేలూ, వాంగ్మూలంలో మనిషికి కావలసినవి నాలుగే మాటలయ్యా. అవును. కాదు. తెలియదు. గుర్తులేదు. ఇవి దాటి ఐదో మాట నీ నోట్లోంచి వచ్చిందా, ఆ మాట పట్టుకుని నిన్ను నిలువునా బయటికి లాగేస్తాడు ఆ విశాఖపట్నం ఆయన. ఇంటి దగ్గర కూడా అలవాటు చేసుకో."

నేను చెప్పిన మాట వినే మనిషిని. అలవాటు చేసుకున్నాను.

"కూరలో ఉప్పు సరిపోనాదా?" అంది మార్తమ్మ.

"తెలియదు."

"తింటన్నావు కదా!"

"అవును."

"మరి సెప్పు, సరిపోనాదా?"

"గుర్తులేదు."

కంచం తీసేసింది. దుకాణానికి వచ్చినవాళ్ళు "రవిక ఎప్పటికిస్తావు సామ్యేలూ?" అంటే "తెలియదు" అన్నాను. అది మాత్రం నిజమే. పాస్టరు గారు దారిలో ఆపి "ఆదివారం ప్రసంగం ఎలా ఉంది నాయనా?" అన్నారు. నాలుగు మాటలూ మనసులో తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ కుదరలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంత అలవాటయ్యాక ప్లీడరు గారు వాళ్ళ వసారాలో పరీక్ష పెట్టారు. తానే విశాఖపట్నం ప్లీడరుగా గొంతు మార్చి అడిగారు.

"హారను వినపడేసరికి మోటారు నీకు ఎంత దూరంలో ఉంది?"

"తెలియదండి."

"అది తెలియాలయ్యా! అది మన కేసు. ఎన్ని గజాలు?"

"గుడ్డయితే చెప్పగలనండి. రోడ్డు ఎప్పుడూ కొలవలేదు."

"పోనీ, ఎంత వేగంగా వచ్చింది?"

"నాకన్నా వేగంగానండి."

ప్లీడరు గారు నుదురు పట్టుకున్నారు. కాసేపటికి ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన రాకుండా ఉంటే ఇవాళ మీకు ఈ కథ లేదు, ఆయనకి ఆ కట్టు లేదు.

"స్థలం మీదికే వెళదాం. జరిగింది జరిగినట్టు చేసి చూద్దాం. అప్పుడు నీ కళ్ళతో నువ్వే దూరం చూసుకుంటావు. కొలుచుకుని వచ్చేద్దాం."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. ఆయన తన సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. పంట్లాం తొడుక్కున్నారు, మట్టి అంటకుండా కాళ్ళ దగ్గర క్లిప్పులు పెట్టుకున్నారు. కల్వర్టు దగ్గర నా సుద్దముక్క తీసుకుని రాయి మీద గుర్తు పెట్టారు. నా తలగుడ్డ అడిగి తీసుకుని తలకి చుట్టుకున్నారు. తన పుస్తకాలు రెండు చంకలో మూటలాగ పెట్టుకున్నారు.

"ఇదిగో, ఇప్పుడు నేను సామ్యేలుని. నువ్వు మోటారు."

"నేనా అండీ?"

"మలుపు వెనక్కి వెళ్ళి సైకిలెక్కి రా. నేను అటు తిరిగి నడుస్తుంటాను. నీకు నేను కనపడగానే హారను కొట్టు. దగ్గరికి వచ్చి ఆగిపో. నువ్వు హారను కొట్టిన చోటికీ నేను ఉన్న చోటికీ మధ్య దూరం కొలుద్దాం. అంతే."

"బాబూ, నా చెయ్యి ఇలాగుంది కదండీ. సైకిలు..."

"సైకిలు తొక్కేది కాళ్ళతో కదయ్యా, చేతులతోనా?"

అంత చదువుకున్నాయన అన్నాక నేనేం మాట్లాడతాను? పైగా నాకు సైకిలు వచ్చు. పాస్టరు గారి సైకిలు మీద నేర్చుకున్నాను. ఎడం చెయ్యి హాండిల్ మీద వేసి, కుడి చెయ్యి ఊరికే ఆనించి, మలుపు వెనక్కి వెళ్ళి ఎక్కి వచ్చాను. ప్లీడరు గారు నాలాగ నడుస్తున్నారు. వీపు వంచి, కాళ్ళు ఎడంగా వేసి, కోడిలాగ తల ఆడిస్తూ. నేను అలా నడవనండి! మార్తమ్మని అడగండి. కానీ అప్పుడు మోటారు మాట్లాడకూడదు కనక ఊరుకున్నాను. నోటితో "పాం, పాం" అన్నాను. దగ్గరికి వచ్చి రెండు కాళ్ళూ నేలకి ఆనించి ఆగాను.

"ఛ! ఇది మోటారా? పాలబండి కన్నా నెమ్మదిగా వచ్చావు. అవతలి ప్లీడరు నవ్వుతాడు. ఆ మిట్ట మీదికి వెళ్ళి అక్కణ్ణుంచి రా. నేను మాత్రం వెనక్కి చూడను. ఆ రోజు నువ్వు చూడలేదు కదా, నేనూ చూడను."

మిట్ట మీదికి సైకిలు నడిపించుకు వెళ్ళాను. ఎక్కాను. తొక్కవలసిన అవసరమే లేదు, పల్లం కదా. చెవుల పక్కన గాలి రయ్యిమంటోంది. అబ్బ, మోటారువాళ్ళకి ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను. మలుపు తిరిగాను. ఎదురుగా నా తలగుడ్డ, దాని కింద మా ప్లీడరు గారు. "పాం, పాం!" అన్నాను. ఆగాలి. ఆ సైకిలుకి బ్రేకు ఒక్కటే. అదీ కుడి చేతి వైపు.

నొక్కాను. అంటే, నొక్కానని నేను అనుకున్నాను. వేళ్ళు వెళ్ళి బ్రేకు మీద పడుకున్నాయి. ముడుచుకోలేదు. ఎడం చెయ్యి తీసి అటు వేద్దామంటే హాండిల్ తిరిగిపోతోంది. కాళ్ళు నేలకి ఆనిద్దామంటే నేల పరిగెడుతోంది.

"బాబూ! తప్పుకోండి బాబూ! ఆగటం లేదండీ!"

ఆయన వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి, "భేష్! అలాగే అరువు! ఇప్పుడొచ్చింది జీవం!" అన్నారు.

ఓర్నాయనో! "నిజంగానండీ! నిజంగా ఆగటం లేదండీ!" అని మళ్ళీ అరిచాను. ఈసారి ఆయనకి అనుమానం వచ్చినట్టుంది, తిరిగి చూశారు. చూసి ఎడమకి గెంతారు. నేనూ ఎడమకే వెళ్ళాను. ఎందుకు అలా జరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో మాత్రం నాయుడు గారి డ్రైవరు మీద కొంచెం జాలి కలిగింది.

కళ్ళు తెరిచేసరికి ఇద్దరం కాలవలో ఉన్నాం. నా మీద సైకిలు. పక్కన ప్లీడరు గారు కాలు పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటున్నారు. నాకు ఏమీ కాలేదు. మోటారులకి ఏమీ కాదు కదా.

అప్పుడు వినపడింది నిజం హారను.

నాయుడు గారి మోటారే. మలుపు తిరిగి మమ్మల్ని చూసి ఆగింది. నాయుడు గారే దిగారు. కాలవలోకి తొంగి చూసి, నా తలగుడ్డ ప్లీడరు గారి తల మీద చూసి, మళ్ళీ నా తల వైపు చూశారు.

"ఇదేటి ప్లీడరు గారూ? ఎలగ పడిపోనారు?"

ప్లీడరు గారు పళ్ళు బిగించి, "సామ్యేలూ, ఏమీ మాట్లాడకు!" అన్నారు.

నాయుడు గారు నా వైపు తిరిగారు. "ఏరా, ఏటైంది? నువ్వు సెప్పు."

"గుర్తులేదండి" అన్నాను.

"ఇప్పుడే కదరా పడ్డారు!"

"అవునండి."

ఆయన డ్రైవర్ని పిలిచారు. ఇద్దరూ కలిసి ప్లీడరు గార్ని పైకి లేపారు. ఆయన నొప్పితో విలవిల్లాడుతూ కూడా మోటారు తలుపు పట్టుకుని, "ప్రతివాది బండిలో నేను ఎక్కకూడదండీ, పద్ధతి కాదు. ఎడ్లబండి ఏదైనా వస్తుందేమో చూడండి" అన్నారు. కాలు నేలకి తగిలింది. తర్వాత పద్ధతి గురించి మాట్లాడలేదు. సైకిలు వెనక కట్టారు. నన్ను ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు.

నేను మోటారు ఎక్కడం అదే మొదలు. వెనకనుంచి మా ప్లీడరు గారి మూలుగులు వినపడుతూనే ఉన్నాయి. చెప్పకూడదు గానీ, ఆ సీటు ఎంత మెత్తగా ఉందనుకున్నారు!

డ్రైవరు దారి పొడుగునా నా వైపు చూసి, చివరికి ఉండబట్టలేక మెల్లగా అన్నాడు. "ఇప్పుడు తెలిసినాదా బావూ? మనం ఎటు తిప్పితే ఆళ్ళు అటే గెంతుతారు."

"అవును" అన్నాను. నాలుగు మాటల్లో అదొకటే కుదిరింది.

ఆస్పత్రిలో డాక్టరు గారు నన్ను చూసి "మళ్ళీ నువ్వేనా?" అన్నారు. "నేను కాదండి, ఈసారి వీరండి" అన్నాను. ఎడమ కాలు మోకాలి కింద విరిగిందన్నారు. వాపు మీద పంట్లాం రాకపోతే ఆ కాలు వైపు కత్తెరతో చీల్చేశారు. మంచి గుడ్డ. నాకు ప్రాణం పోయినట్టయింది. చెక్క బద్దలు పెట్టి కట్టు కట్టారు.

నిజం చెప్పాలంటే నేను నవ్వుకోవడం అక్కడితో ఆగిపోయింది. ఇంటికి వచ్చి మార్తమ్మకి జరిగింది చెప్పాను. తను నవ్వలేదు. మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

"సైకిలు తొక్కినావు. నాయుడు గారు సూసినాడు. ఇంకేటుంది? సెయ్యి బాగున్నోడే తొక్కుతాడంటారు. నాటకమని ఆరే గెలుస్తారు."

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. ప్లీడరు గారికి తట్టింది. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "సామ్యేలూ, నిన్ను తయారుచెయ్యబోయి వాళ్ళని తయారుచేశానయ్యా" అన్నారు. ఆయన గొంతులో కాలి నొప్పి కాదు, ఇంకేదో ఉంది. నేను ఆయన పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాను. ఎడం చేత్తో.

కమిషనరు గారు అనుకున్నట్టే వచ్చారు. మా ప్లీడరు గార్ని కుర్చీతో సహా మోసుకొచ్చి బంగళా హాల్లో దింపారు. కట్టిన కాలు ముక్కాలిపీట మీద పెట్టారు. ఎదురుగా విశాఖపట్నం ప్లీడరు గారు, తెల్ల తలపాగా, బంగారు గొలుసు గడియారం. నాయుడు గారు వెనక బెంచీ మీద. మార్తమ్మ వరండాలో కిటికీ దగ్గర. నా చేత ప్రమాణం చేయించారు. మా ప్లీడరు గారు కూర్చునే నాలుగు ప్రశ్నలు అడిగారు, సజావుగా చెప్పాను. అప్పుడు ఆ పెద్దాయన లేచారు. మా ప్లీడరు గారి కాలి వైపు ఒకసారి తీరిగ్గా చూసి, మీసం కింద నవ్వుకుని మొదలుపెట్టారు.

"నీ కుడి చెయ్యి పనిచెయ్యదు అంటావు."

"అవునండి."

"ఈ మధ్య నువ్వు సైకిలు తొక్కావా?"

మా ప్లీడరు గారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"అవునండి."

"పనిచెయ్యని చేత్తో సైకిలు తొక్కావు! ఎలా తొక్కావయ్యా?"

"కాళ్ళతోనండి."

కమిషనరు గారు కలం ఆపి, దగ్గినట్టుగా దగ్గి, రాసుకున్నారు. పెద్దాయనకి కోపం వచ్చింది.

"తొక్కుకుంటూ వెళ్ళి ఏం చేశావు?"

"మా ప్లీడరు గార్ని గుద్దానండి."

హాలంతా మా ప్లీడరు గారి కాలి వైపు తిరిగింది. కమిషనరు గారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూశారు. ఎవరో వరండాలో కిసుక్కుమన్నారు.

"కావాలని గుద్దావా?"

"కాదండి."

"ఆ సైకిలుకి బ్రేకు లేదా?"

"ఉందండి."

"ఉందా! ఉంటే వెయ్యవేం? ఎందుకు వెయ్యలేదు? చెప్పు!"

అడుగుతూనే ఆయన మొహం మారింది. అడగకూడని ప్రశ్న అడిగానని ఆయనకి తెలిసిపోయింది. మా ప్లీడరు గారు కళ్ళు తెరిచారు. ఆ ప్రశ్నకి ఆయన నేర్పిన నాలుగు మాటల్లో జవాబు లేదు.

"వేశాననే అనుకున్నానండి. మనసు బ్రేకు వేసింది. వేళ్ళు వెయ్యలేదు. ముడుచుకోవండి అవి. లేకపోతే సొంత ప్లీడరు గార్ని ఎవరైనా గుద్దుకుంటారా అండీ?"

పెద్దాయన గబుక్కున కూర్చున్నారు. కమిషనరు గారు మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, తన రూళ్ళకర్ర నా అరచేతిలో పెట్టి "పట్టుకో" అన్నారు. పట్టుకోబోయాను. జారి పడింది. ఆయనే వంగి తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. చప్పుడు హాలంతా వినపడింది. మూడోసారి నేనే పట్టుదలగా ఎడం చేత్తో కుడి వేళ్ళు మూసి చూపించబోయాను. వదలగానే తెరుచుకున్నాయి. "చాలు నాయనా, చాలు" అన్నారు ఆయన.

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం చాలా సిగ్గేసింది. ఎన్ని పెళ్ళిళ్ళకి బట్టలు కత్తిరించిన చెయ్యి అండీ అది! కిటికీ దగ్గర మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక బెంచీ చప్పుడైంది. నాయుడు గారు లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఆయన మర్నాడు మా దుకాణానికి వచ్చారు. మోటారు దూరంగా ఆపి నడిచి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి మార్తమ్మతో, "అమ్మా, ఆ నాటకం మాట తప్పు. ఎనక్కి తీసుకున్నాను. సొంత ప్లీడరు మీద నాటకమాడేవోడు ఉంటాడేటి?" అన్నారు. మార్తమ్మ మిషను ఆపలేదు. కానీ పీట చూపించింది. ఆయన కూర్చున్నారు. కేసు రాజీ చేసుకుందామన్నారు. నన్ను విశాఖపట్నం పెద్దాసుపత్రిలో తానే చూపిస్తానన్నారు. చూపించారు కూడా. అక్కడి డాక్టరు గారు రోజూ గుడ్డ ఉండ నలపమన్నారు. నలుపుతున్నాను. ఇదిగో, ఈ కాఫీ గ్లాసు పట్టుకున్నాను చూడండి. కత్తెర ఇంకా పట్టలేదు. పడుతుందట.

ఇక్కడితో ఆపితే నా పరువు కొంచెం మిగిలేది. ఆపను, మీకు ఎలాగూ తెలుస్తుంది.

రాజీ కాగితం కోర్టులో దాఖలు చెయ్యాలి. మా ప్లీడరు గారు తానే వెళతానన్నారు. పంచె కట్టుకుని వెళ్ళండి బాబూ అంటే వినరు. "నా మొదటి మోటారు కేసయ్యా! పంట్లాంతోనే వెళతాను" అన్నారు. ఉన్న మంచి పంట్లాం ఆస్పత్రిలో చీల్చేశారాయె. కాలు విరగ్గొట్టింది నేను కనక, బద్దల మీదుగా దూరేలాగ ఒక కాలు వెడల్పుగా పెట్టి కొత్తది నేనే కుట్టిస్తానని మాటిచ్చాను. ఆయన మంచం మీద పడుకుని ఉంటే కాళ్ళ వైపు నిలబడి కొలతలు తీసుకున్నాను. ఇంటికి వచ్చి గుడ్డ పరిచి సుద్దతో గీశాను.

"ఇటు కాలు వెడల్పు" అన్నాను మార్తమ్మతో.

"ఇటంటే ఎటు? ఆరి ఇటా, నువ్వు నిలబడి సూసినప్పుడు ఇటా?"

"నాకు తెలీదేటి? పాతికేళ్ళు వస్తున్నాయి నేను ఈ పనిలోకి వచ్చి. నువ్వు కుట్టు."

కుట్టింది.

ప్రయాణం రోజు గుమ్మంలో జట్కా సిద్ధంగా ఉంది. పంట్లాం తీసుకెళ్ళాను. విరిగింది ఎడమ కాలు. వెడల్పు చేసింది కుడి కాలు. ప్లీడరు గారు ఒకసారి పంట్లాం వైపు, ఒకసారి కాలి వైపు, ఒకసారి నా వైపు చూశారు. తిట్టినా బాగుండేది. జట్కావాడు బయటినుంచి "బేగి రండి బాబూ" అంటున్నాడు.

మార్తమ్మే గుమ్మం అవతలనుంచి అంది. "ముందుది ఎనక్కి తిప్పి తొడుక్కుంటే సరిపోద్ది కదండీ?"

సరిపోయింది. అచ్చంగా సరిపోయింది. బొత్తాలు వెనక్కి వచ్చాయి, అంతే. పొడుగు కోటు ఉంది కనక ఎవరికీ కనపడదనుకున్నాం. నేనూ వెంట వెళ్ళాను. కోర్టులో పేరు పిలిచారు. ప్లీడరు గారు చంకకర్రలు రెండూ వేసుకుని లేచారు. ఆ కర్రలకి కోటు చెంగులు చిక్కుకుని పైకి లేచిపోయాయి. ముందున్న జడ్జి గారికి ఏమీ కనపడలేదు. కాగితం చూసి సంతకం పెట్టారు. వెనక బెంచీల్లో మాత్రం మన నర్సీపట్నం వాళ్ళూ, రావికమతం వాళ్ళూ నిండా ఉన్నారు. పై నుంచి కింది దాకా వరసగా బొత్తాలన్నీ చూశారు.

అప్పట్నుంచి దుకాణానికి ఎవరు వచ్చినా కొలతలిచ్చి, మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి ఒకటే అడుగుతున్నారు. "సామ్యేలూ, బొత్తాలు ముందుకే కదా?" అందుకని ఈసారి పొరపాటు రాకూడదని ప్రతి గుడ్డ మీదా సుద్దతో ఇంతింత అక్షరాలతో 'ముందు' అని రాసుకుంటున్నాను. బాగానే సాగుతోంది. నిన్న ఒకాయనకి చెరపడం మర్చిపోయి ఇచ్చేశాను. ఆయన ఆ అక్షరాలతోనే సంతంతా తిరిగొచ్చాడు.